లీటరుకు పదహారు

శామ్యూలు మావయ్యని మట్టిచేసిన పదో రోజున ఆయన మనవడు జోయెల్ నన్ను సాల్ట్ లేక్‌లోని వాళ్ళింటి నుంచి హౌరా పక్కన లిలువాలోని మా ఇంటికి కారులో దిగబెట్టాడు. మావయ్య అంటే మా అమ్మకి తమ్ముడు. జోయెల్ ఆయన కూతురి కొడుకు, నాకు మేనల్లుడి వరస. సెక్టర్ ఫైవ్‌లో కంప్యూటరు ముందు కూర్చుని ఏదో చేస్తుంటాడు. ఏమిటని నేనెప్పుడూ అడగలేదు, అడిగితే చెబుతాడని భయం. వాడి కారులో స్టీరింగు పక్కన చిన్న తెర ఉంది, దాని మీద అంకెలు వెలుగుతున్నాయి. "చూడత్తా, లీటరుకి ఇరవై ఒకటి పాయింటు నాలుగు ఇస్తోంది. అదే లెక్కేసి అదే చూపిస్తుంది," అన్నాడు, ఆ కారుని తనే కని పెంచినట్టు. నాకు నవ్వాగలేదు. "మీ ఆవిడేమైనా పోస్తోందేమో కనుక్కో నాయనా," అన్నాను. మావయ్య పోయిన దుఃఖంలో ఈవిడకి మతి చలించిందనుకున్నాడేమో, పాపం, ఏసీ కాస్త పెంచాడు.

దిగబోయే ముందు వెనక సీటు మీంచి ఒక గుడ్డమూట తీసి నా చేతికిచ్చాడు. "తాతయ్య టూల్‌బాక్సు అడుగున దొరికింది. నీకిమ్మంది అమ్మ," అన్నాడు. విప్పి చూస్తే రేకు గరాటు. పిడి ఊడిపోతే ఎవరో మళ్ళీ అతికించారు. గొట్టం లోపల రేషను కిరసనాయిలు తాలూకు నీలిమరక ఇంకా ఉంది. ఆ గరాటుని నేను ఆఖరుసారి చూసింది గాలిలో. మా నాన్న దాన్ని ఇంటి వెనక పుకూర్లోకి, అంటే చెరువులోకి, విసిరేసినప్పుడు. అది గుర్రపుడెక్క ఆకుల మీద ఒక్క క్షణం ఆగి, తర్వాత మునిగిపోయింది. మునిగిన గరాటు మావయ్య పెట్టెలోకి ఎలా వచ్చిందో తర్వాత చెబుతాను, ఎందుకంటే నాకూ తర్వాతే తెలిసింది.

మా నాన్న పేరు ఇశ్రాయేలు. మా తాత సిక్కోలు సముద్రపొడ్డు నుంచి లిలువా రైల్వే వర్క్‌షాపులో పనికి వచ్చాడు. నాన్న కూడా అందులోనే చేరాడు గాని, ఫోర్‌మన్‌కి పనెలా చెయ్యాలో నేర్పబోయి బయటికొచ్చాడు. తర్వాత కొన్నాళ్ళు వాళ్ళ లారీలూ వీళ్ళ లారీలూ తోలి, చివరికి ఒక పాత డీజిల్ పికప్ కొన్నాడు. ముందు పొడుగాటి బానెట్ ఉండేది కాబట్టి మా పేటలో దాన్ని ముక్కుబండి అనేవారు. వారంలో మూడు రోజులు, మంగళ, గురు, శనివారాలు, హౌరా ఫౌండ్రీల్లో పోతపోసిన మగ్గాల విడిభాగాలు ఎక్కించుకుని బడ్జ్ బడ్జ్ జూట్ మిల్లులకి తోలేవాడు. పోనూ రానూ అరవై కిలోమీటర్లు. అప్పటికి ఎర్రజెండాల ప్రభుత్వం ఎంతగా పాతుకుపోయిందంటే, నాలాంటి వాళ్ళం అది వర్షాకాలంలా ఏటా దానంతటదే వస్తుందనుకునేవాళ్ళం. కరెంటు పోతే పోయిందనుకునేవాళ్ళం, ఊరేగింపు వస్తే పక్కకి తప్పుకునేవాళ్ళం. సందు మొదట్లో ఒక క్లబ్బు, అందులో ఒక క్యారమ్‌బోర్డు, దాని మీద పౌడరు చల్లుతూ పార్టీ మనిషి తపన్‌దా. పెళ్ళి సంబంధం దగ్గర్నుంచి మురుక్కాలవ దాకా అన్ని తగువులూ తపన్‌దా దగ్గరే తేలేవి. తేలనివి మా తెలుగు సంఘం పాస్టరుగారి దగ్గరికి వెళ్ళేవి.

సాయంత్రాలు మా అరుగు మీద డ్రైవర్ల సభ జరిగేది. అందరూ తెలుగువాళ్ళే, అందరూ డీజిల్ వాసనే. వాళ్ళు ఒకరినొకరు బాగున్నావా అని అడగడం నేనెప్పుడూ వినలేదు. "ఎంతిస్తన్నాది?" అని అడిగేవాళ్ళు. దానికి జవాబు చెప్పడంలో ఒక పద్ధతి ఉండేది. సరుకు ఎక్కించే సేఠ్‌కి తొమ్మిదని చెప్పాలి, లేకపోతే కిరాయి తగ్గిస్తాడు. సాటి డ్రైవరుకి పదిహేను తగ్గకూడదు, తగ్గితే బండినే కాదు, బండి తోలేవాడి కాలునీ అనుమానిస్తాడు. పెళ్ళానికి అసలు చెప్పకూడదు. జపాను వాళ్ళ పొత్తుతో వచ్చిన చదునుమూతి బండ్లు అప్పుడే రోడ్డెక్కాయి. వాటి ఇంజను గొప్పదా, మన ముక్కుబండి ఇంజను గొప్పదా అని రోజూ వాదన. అరుగు మీద ప్రతి బండీ పదిహేను దాటేది. అదే బండి రోడ్డు మీద ఎంతిస్తుందో దాన్ని తయారుచేసినవాడికి కూడా తెలియదు.

మా నాన్నకి మాత్రం నిజం తెలుసుకోవాలని పిచ్చి. ప్రతి సోమవారం పొద్దున్నే పంపుకి వెళ్ళి టాంకీ మూతిదాకా నింపించేవాడు. డీజిల్ పొయ్యగానే నురగ లేస్తుంది కదా, అది దిగేదాకా బండిని పక్కనించి భుజంతో ఊపేవాడు. దిగాక ఇంకో గుక్కెడు పోయించేవాడు, మళ్ళీ ఊపేవాడు. వెనక వరసలో ఉన్నవాళ్ళు హారన్లు కొట్టినా, బెంగాలీలో మా తాతల్ని తలుచుకున్నా పట్టించుకునేవాడు కాదు. ఇంటికొచ్చి మీటరు అంకె, లీటర్ల అంకె నా ముందు పెట్టేవాడు. నేను అప్పుడు బీఎస్సీ చదువుతున్నాను, ఇంట్లో నా చదువుకి దొరికిన ఉపయోగం ఈ భాగహారం ఒక్కటే. "ఎంతొచ్చినాది గుంటా?" "పన్నెండు నాన్నా." "మల్లీ సెయ్యి." మళ్ళీ చేసినా పన్నెండే. బండి అమ్మినవాడు ప్రమాణం చేసి పదహారని చెప్పాడు. మా నాన్న ఆ మాట నమ్మాడు. అమ్మినవాడు అబద్ధమాడి ఉంటాడన్న సంగతి ఒక్కటి తప్ప మిగతావన్నీ ఆయనకి తోచేవి. ఆ పోయిన నాలుగూ ఎక్కడికి పోతున్నాయి? ఎవడో తియ్యాలి. ఎవడు? క్లబ్బు కుర్రాళ్ళు. వాళ్ళకో మోటారు సైకిలు కూడా ఉంది. అది పెట్రోలుతో నడుస్తుందని నేనంటే, "సదువుకున్నావు గాని లోకం తెలీదు," అన్నాడు.

సోమవారాలు మా ఇంట్లో ఎండుచేపల పులుసూ, నాన్న మౌనమూ ఉండేవి. రెండోది ఎక్కువ ఘాటు. తిట్టడు, కొట్టడు, కంచంలో ముల్లు ముల్లూ వరసగా పేర్చుకుంటూ క్లబ్బు వైపు చూస్తుంటాడు. ఒక సోమవారం చొక్కా తొడుక్కుని, క్లబ్బు కుర్రాళ్ళ పేర్లు కాగితం మీద రాయమని నన్ను కూర్చోబెట్టాడు, పార్టీ ఆఫీసులో ఇస్తాడట. ఆ కుర్రాళ్ళందరూ ఆ పార్టీ వాళ్ళే, ఫౌండ్రీ దగ్గర లోడింగ్ వాళ్ళూ ఆ పార్టీ వాళ్ళే. ఆ కాగితం అక్కడికి చేరితే రేపటినించి మన బండి ఖాళీగా నిలబడుతుందని అమ్మ ఎంత చెప్పినా వినలేదు. చివరికి అమ్మ చొక్కా మీద టీ ఒలికించింది. ఆయనకున్న మంచి చొక్కా అదొక్కటే కాబట్టి ఆ రోజుకి ఆగిపోయాడు. మా అమ్మ పేరు కరుణమ్మ. ఆవిడ ఏ పనైనా ఇలాగే చేసేది, మాట లేకుండా.

తర్వాతి సోమవారం భాగహారం చేస్తే పదహారు వచ్చింది. నేనే నమ్మలేక మళ్ళీ చేశాను. ఆపై వారమూ పదహారు చిల్లర. ఇంట్లో పండగ. నాన్న మౌనం మానేసి పాటలు అందుకున్నాడు, పళ్ళు తోముకుంటూ కూడా కీర్తనలే. దొంగలకి భయం పుట్టిందని మొదట అనుకున్నాడు, తర్వాత దేవుడే ఇంజనులో చెయ్యి పెట్టాడని తేల్చుకున్నాడు. మా సంఘంలో ఆదివారం ప్రసంగానికి ముందు సాక్ష్యాల సమయం ఉంటుంది. వారంలో పొందిన మేలు ఎవరైనా లేచి చెప్పొచ్చు. మామూలుగా జ్వరాలు తగ్గడం, పరీక్షలు గట్టెక్కడం వంటివి చెబుతారు. మా నాన్న లేచి, కండువా సర్దుకుని, "పెబువు నా బండిని దీవించినాడు. పన్నెండిచ్చే ఇంజను పదహారిస్తన్నాది. నాను సెప్పడం కాదు, మా గుంట బుక్కులో రాసినాది," అన్నాడు. సంఘమంతా ఆమెన్ అంది. డ్రైవర్లు ఆమెన్ అనలేదు. పాస్టరుగారు ఆ రోజు బైబిల్లో విధవరాలి బుడ్డిలో తరగని నూనె గురించి ప్రసంగించారు, మా బండి పేరు రెండుసార్లు వచ్చింది. గుళ్ళో నిలబడి చెప్పిన మాటకి ఒక చిక్కుంది, అరుగు మీద చెప్పినదాన్ని తగ్గించుకున్నట్టు దీన్ని తగ్గించుకోలేం. అది దేవుడి ఖాతాలోకి వెళ్ళిపోయింది.

ఇక శామ్యూలు మావయ్య. ఆయన బడ్జ్ బడ్జ్‌లో ఒక జూట్ మిల్లులో మెకానిక్కుగా చేసేవాడు. మిల్లు గేటుకి తాళం పడింది, చాలాకాలం ఊరేగింపుల్లో నడిచాక మొత్తానికి కొంత సొమ్ము చేతికొచ్చింది. ముగ్గురు పిల్లలు, ఇంకో సంపాదన లేదు. ఆ సొమ్ముతో ఒక పికప్ కొని బతుకుదామని ఆయన ఆలోచన. ఏ ఇంజను కొనాలన్నదే ప్రశ్న. ఆయన మా నాన్నలాంటివాడు కాదు, అబద్ధం చెప్పడానికి కూడా కొలత కావాలనే రకం. నెల రోజులు ఒక యజమాని దగ్గర చదునుమూతి బండి తోలి, మా నాన్న పద్ధతిలోనే కొలిచి, పదమూడని తేల్చుకున్నాడు. పదమూడుకన్నా పదహారు ఎక్కువ. అందులోనూ బావ గుళ్ళో చెప్పిన మాట. అందుకని అచ్చం మాదిలాంటి పాత ముక్కుబండినే మాట్లాడుకున్నాడు. ఒక సోమవారం నాడు డబ్బిచ్చి తెచ్చుకోవాలని నిశ్చయమైంది.

దానికి తొమ్మిది రోజుల ముందు శనివారం సాయంత్రం. నాన్న పాటల ప్రాక్టీసుకి వెళ్ళాడు. నేను కాలేజీ నుంచి వెనక సందులోంచి వస్తున్నాను. మా అమ్మ బండి పక్కన కూర్చుని, టాంకీ నోట్లో రేకు గరాటు పెట్టి, చిన్న జెరికేను ఒంపుతోంది. అటూ ఇటూ చూడటం లేదు, మొక్కకి నీళ్ళు పోస్తున్నంత నెమ్మదిగా పోస్తోంది. కిరసనాయిలు వాసన నాదాకా వచ్చింది. మా నాన్న ముక్కుపొడుం పీలుస్తాడు, మంచి గంధానికీ మురుక్కాలవకీ తేడా తెలియని ముక్కు ఆయనది. నేను నోరు తెరిచేలోపు అమ్మే అంది, "కేకలెయ్యకు. ఎవులైనా ఇంటారు."

లోపలికెళ్ళాక అడిగాను. గ్యాసు సిలిండరు వచ్చాక రేషను కిరసనాయిలు మిగిలిపోతోంది. మా కార్డులూ, నాయనమ్మ కార్డూ, పోయి మూడేళ్ళయినా ఎవరూ వెనక్కివ్వని తాతయ్య కార్డూ కలిపితే వారానికి నాలుగు లీటర్లు వస్తోంది. అదంతా శనివారం టాంకీలోకి వెళుతోంది, అందుకని సోమవారం టాంకీ తక్కువ డీజిలుతో నిండుతోంది. నేను బీఎస్సీ చదువుతూ ఆ లెక్క పట్టుకోలేకపోయాను. నాలుగు నెలలుగా మా బండి పదహారిచ్చింది చచ్చిపోయిన మా తాతయ్య చలవ వల్ల.

"పాపమేటి? మన రేసను, మన బండి," అంది అమ్మ. "మీ నాన ఆ కాగితం అట్టుకెల్లి ఇచ్చీసుంటే ఇయ్యాల మనం ఏటి తిందుం?"

"మరి మావయ్య?"

ఆవిడ గరాటు తుడిచి గట్టు మీద బోర్లించింది. తర్వాత, "ఆడికి సెప్తే ఆడు బావతో అనీస్తాడు. దాసుకోడం రాదు ఆడికి. నువ్వే ఏదోలాగ సెప్పి మాన్పించు," అంది. మర్నాడు గుడి బయట మావయ్యని పట్టుకుని, చదునుమూతి బండి చూడటానికి బాగుంటుంది కదా అన్నాను. అంతకన్నా మంచి వాదన దొరకలేదు. "అందం నాకెందుకు గుంటా, అది నన్ను పెళ్ళాడుతాదేటి? మైలేజీ కావాల," అన్నాడు.

కాని కొలత మనిషి కదా, ఆఖరుసారి కళ్ళారా చూసుకుంటానన్నాడు. రెండు బండ్లు, ఒకే లోడు, ఒకే దారి, ఒకే పంపు. నాన్న ఎగిరి గంతేసినంత పనిచేశాడు. సాక్షులు కావాలన్నాడు. దైవపక్షాన పాస్టరుగారు, యజమానిని అడిగి తెచ్చిన చదునుమూతి బండిలో మావయ్య పక్కన, ప్రజాపక్షాన తపన్‌దా మా ముక్కుబండిలో. ఎవరికీ ఎవరి మీదా అనుమానం ఉండకూడదు కదా. భాగహారం చెయ్యడానికి నేనూ మా ముక్కుబండిలోనే. శనివారం పొద్దున్న రెండు బండ్లనీ మూతిదాకా నింపారు. నురగ దిగడానికి ఒక పక్క పాస్టరుగారు, ఒక పక్క తపన్‌దా భుజాలు ఆనించి ఊపారు. మతమూ పార్టీ కలిసి ఒకే బండిని ఊపడం నేను అదొక్కసారే చూశాను.

హౌరా వంతెన దిగీ దిగకముందే ఊరేగింపు అడ్డం వచ్చింది. "చల్‌బే నా, చల్‌బే నా," అని అరుస్తున్నారు, ఏది కుదరదంటున్నారో వినబడలేదు. నాన్న ఇంజను ఆపేశాడు. వెనక బండిలోంచి మావయ్య దిగొచ్చి, "ఆపితే లెక్క తప్పుతాది బావా," అన్నాడు. "రోడ్డు మీద ఆపమేటి మరి?" అన్నాడు నాన్న. తీర్పు చెప్పాల్సిన తపన్‌దా కనిపించలేదు. చూస్తే ఊరేగింపులో ఉన్నాడు, పిడికిలెత్తి రెండు నినాదాలిచ్చి, తెలిసినవాళ్ళని పలకరించి, చెమట తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నాడు. "ఇద్దరూ ఆపండి, సమానత్వం," అన్నాడు. బడ్జ్ బడ్జ్‌లో లోడు దింపి తిరిగొచ్చేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. సరాసరి పంపుకి పోదామన్నాడు మావయ్య. పాస్టరుగారికి ఆకలేసింది. నాన్న, "బోంచేసి నింపుదాం, డీజిలు ఎక్కడికి పోతాది," అన్నాడు. ఆ మాట ఆయనే అన్నాడని గుర్తుపెట్టుకోండి.

చదునుమూతి బండి మా ఇంటి ముందు, మా బండి ఎప్పటిలా వెనక సందులో ఆగాయి. మగవాళ్ళు ముందుగదిలో చాపల మీద కూర్చున్నారు. నేను వంటింట్లోకి వెళ్ళేసరికి అమ్మ పులుసు గిన్నె దించుతూ అడిగింది, "ఎంత పోస్తే పదారొస్తాది?"

చెప్పకూడదనుకున్నాను. కాని లెక్క నోరు మూసుకుని ఉండదు. "మొత్తం నాలుగూ పోసీకు, లీటరుకి అరవై ఇస్తాది. లీటరూ పావు," అన్నాను.

అమ్మ మంచం కిందనించి జెరికేను తీసి, లీటరూ పావు కొలిచి సీసాలో పోసింది. వెనక తలుపు తీస్తే బండి టాంకీ నాలుగు అడుగుల దూరం. సీసా, గరాటు పక్కపక్కన గట్టు మీద ఉన్నాయి. నేను అన్నం వడ్డించడానికి వెళుతూ, వస్తూ వాటినే చూస్తున్నాను. పొయ్యకపోతే మా నాన్న సంఘం ముందూ, క్లబ్బు ముందూ అబద్ధాలకోరు అవుతాడు. పోస్తే మావయ్య సోమవారం తన పిల్లల తిండి డబ్బు పెట్టి పన్నెండిచ్చే బండి కొనుక్కుంటాడు. నాకు ఇద్దరూ కావాలి. ఆ వయసులో ఇద్దరూ కావాలనుకోవడం తప్పని కూడా నాకు తెలియదు. నేనైతే పోసేద్దునేమో, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

అప్పుడే మావయ్య చెయ్యి కడుక్కోవడానికి వంటింట్లోంచి పెరట్లోకి వచ్చాడు. సీసా చూశాడో లేదో తెలియదు. చెంబు అందుకుంటూ, "అప్పా, సోమారం బండి తేగానే ముందు నిన్నే ఎక్కిస్తాను. ఎక్కడికెల్తావు?" అన్నాడు. అమ్మ తువ్వాలు అందించింది. ఆయన వెళ్ళిపోయాక అటక మీద రెండేళ్ళుగా బూజుపట్టి ఉన్న పాత కిరసనాయిలు స్టవ్వుని దించమంది. సీసాలో ఉన్నదంతా స్టవ్వులో పోసి, వత్తులు సరిచేసి వెలిగించింది. పక్కన గ్యాసు పొయ్యి ఖాళీగా ఉంది. ఆ స్టవ్వు మీద అందరికీ టీ పెట్టింది. టీ నిండా కిరసనాయిలు కంపు. పాస్టరుగారు మర్యాదకి రెండు గుక్కలు మింగారు, నాన్న రెండు గ్లాసులు తాగి చాలా బాగుందన్నాడు.

పంపు దగ్గరికి సందు సందంతా వచ్చింది. ముందు చదునుమూతి బండి, నాలుగున్నర దాటి ఇంకొంచెం, అంటే పదమూడు. తర్వాత మాది. మూడు దాటింది, నాలుగు దాటింది. నాన్న బండి ఊపడం మానేశాడు. సరిగ్గా అయిదు దగ్గర టాంకీ నిండింది. భాగహారం ఎవరూ నన్నడగలేదు. చిన్నపిల్లలకి కూడా తెలుస్తున్న లెక్క అది.

నాన్న మొహంలో రంగు మారింది. ఒకసారి పాస్టరుగారిని, ఒకసారి మావయ్యని చూసి, క్లబ్బు కుర్రాళ్ళ వైపు తిరిగాడు. "తీసినారు. నాను బోంచేస్తంటే తీసినారు," అన్నాడు. తెలుగులో అని ఊరుకోక బెంగాలీలో కూడా అన్నాడు, దొంగలన్న మాటతో సహా. కుర్రాళ్ళు ముందుకొచ్చారు. పొద్దుటినించీ నవ్వుతూ ఉన్న తపన్‌దా నవ్వు ఆపేశాడు. ఆ నవ్వు ఆగితే మా పేటలో ఏమవుతుందో అందరికీ తెలుసు. 

"ఎవులూ తియ్యలేదు," అంది అమ్మ. వెనకనించి గొంతు వినపడింది, గుంపు చీలి ఆవిడకి దారిచ్చింది. ఆవిడ నాన్న మొహం వైపు చూడలేదు, మావయ్యతో చెప్పింది. "అయిదే తాగుతాది తమ్ముడా ఈ బండి. ఎప్పుడూ పన్నెండే. ఆ పైన నాలుగూ నాను పోసినాను. రేసను కిర్సనాయిలు, పెతి సెనివారం. నువ్వు ఈ ఇంజను కొనకు." తర్వాత అదే మాట తపన్‌దాకి బెంగాలీలో చెప్పింది, తాతయ్య కార్డుతో సహా. ఆవిడకి ఒప్పుకోవడం కూడా పూర్తిగా చెయ్యాలి. తపన్‌దా రెండు చేతులూ చెవులకి అడ్డం పెట్టుకుని, "మాశీమా, ఆ కార్డు సంగతి నేనేమీ వినలేదు," అన్నాడు. కుర్రాళ్ళు మొదట నవ్వారు, ఆ తర్వాత అందరూ. దొంగలు తియ్యడం విన్నారు గాని దొంగచాటుగా పొయ్యడం ఎక్కడా వినలేదు.

నాన్న ఒక్కడే నవ్వలేదు. బండి అక్కడే వదిలేసి ఇంటికి నడిచి వెళ్ళాడు. గట్టు మీదున్న గరాటు తీసుకుని వెనక తలుపులోంచి పుకూర్లోకి విసిరాడు. మర్నాడు ఆదివారం, గుడికి రాలేదు. నాకు ఊహ తెలిశాక ఆయన గుడి మానడం అదే మొదలు. ఆ వారమంతా ఇంట్లో మాటల్లేవు. అమ్మ అన్నం పెట్టేది, ఆయన తినేవాడు, ముళ్ళు వరసగా పేర్చేవాడు, కాని ఈసారి క్లబ్బు వైపు కాక కంచంలోకే చూసేవాడు. బుధవారం పొద్దున్న మాత్రం మోకాళ్ళ దాకా బురదతో వచ్చి నిలబడ్డాడు. ఏమైందని నాయనమ్మ అడిగితే బండి కడుగుతూ జారానన్నాడు. బండి వీధి వైపు పొడిగా ఉంది. ఆయనతో వాదించే ఓపిక ఎవరికీ లేకపోయింది.

ఆ పై ఆదివారం గుడికి వచ్చాడు, ఆఖరు బల్ల మీద కూర్చున్నాడు. సాక్ష్యాల సమయం రాగానే లేచాడు. మా అమ్మ ఆడవాళ్ళ వైపు తలమీద కొంగు ఇంకా ముందుకి లాక్కుంది. "నాను ఈడే నిలబడి పదారని సెప్పినాను," అన్నాడు నాన్న. "అది తప్పు. దేవుడిచ్చింది పన్నెండే. మిగిలిన నాలుగూ మా ఇంటిది పోసినాది. నాను దేవుడికి సెప్పిన స్తోత్రంలో నాలుగో వంతు ఎనక్కి తీసుకుంటన్నాను. అది ఆవిడకి సెల్లాల." కూర్చున్నాడు. ఇలాంటిదానికి ఆమెన్ అనొచ్చో లేదో ఎవరికీ తెలియలేదు. పాస్టరుగారే తేల్చుకోలేక కళ్ళజోడు తుడుచుకున్నారు. చివరికి శామ్యూలు మావయ్య అన్నాడు, ఒక్కడే, గట్టిగా. ఈసారి డ్రైవర్లు కూడా అందుకున్నారు. నేను ఏడ్చాను, దాచుకోలేదు.

మావయ్య చదునుమూతి బండి కొన్నాడు. అది పదమూడు చొప్పున ముగ్గురు పిల్లల్నీ చదివించింది. అందులో ఒకరి కొడుకే ఈ జోయెల్. నాన్న ముక్కుబండినే తోలాడు. అరుగు మీద ఎవరైనా ఎంతిస్తన్నాదని అడిగితే, "పన్నెండు. మా ఇంటిదాంతో పదారు," అనేవాడు. సేఠ్‌కి కూడా అదే చెప్పేవాడు, ఆయనకి అర్థం కాక కిరాయి పెంచలేదు, తగ్గించలేదు. ఇప్పుడు అరుగులూ లేవు, ఆ సభా లేదు. బండి తనెంతిస్తోందో తనే చెప్పుకుంటోంది, పాయింటు తర్వాత అంకెతో సహా. దానికి అబద్ధం చెప్పాల్సిన అవసరం ఏముంటుందని జోయెల్ నన్నడిగాడు. దానికి పక్కింటి డ్రైవరు లేడు, సేఠ్ లేడు, పెళ్ళాం లేదు, నిజమే. అయినా నాకెందుకో ఆ తెర మీద నమ్మకం కుదరలేదు. ఎవరూ భుజం ఆనించి ఊపకుండా తేలిన లెక్క అది.

మా గుమ్మం ముందు కారాగాక, గరాటు చేతిలో పట్టుకుని అడిగాను, "మీ తాతయ్య దీన్ని ఆ పుకూర్లోంచి ఎప్పుడు తీశాడురా?"

"తాతయ్య తియ్యలేదత్తా," అన్నాడు జోయెల్, అద్దంలో వెనక చూసుకుంటూ. "మీ నాన్నగారే దిగి తీసి, తెచ్చి తాతయ్యకిచ్చారంట. దాచు, మా ఇంట్లో ఉంచలేను, పారెయ్యనూ లేను అన్నారంట. ఊడిన పిడి అతికించింది తాతయ్యే."

కారు వెళ్ళిపోయింది. పుకూరు ఉన్నచోట ఇప్పుడు నాలుగంతస్తుల ఫ్లాట్లున్నాయి. గుమ్మంలో నిలబడి అటు చూస్తుంటే బుధవారం నాటి బురద గుర్తొచ్చింది, మోకాళ్ళ దాకా. ఆ పాంటుని అమ్మ పెరట్లో రాయి మీద వేసి ఉతికింది. రెండుసార్లు ఉతికింది. జేబులోంచి గుర్రపుడెక్క ఆకు ఒకటి తీసి, కాసేపు చూసి, గరాటు ఉండే చోట గట్టు మీద పెట్టింది.